ఆనపబుర్రలాంటి ఓడ

విశాఖపట్నం, సోమవారం

సోంబరన్నకు,

చర్చిలో నువ్వు మైకు పట్టుకుని, "సాయిబుల పండితుడే మన బైబిలు నిజమని రాసేసినాడట. ఆదివారం మా సెల్లి వొచ్చి సెప్తాది" అన్నావని వదిన చెప్పింది. అప్పటినుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. నేనలా చెప్పలేదన్నా. ఫోన్‌లో నీకు ఎదురు చెప్పలేక రాస్తున్నాను.

నేను పరిశోధన చేస్తున్న ఆ ముస్లిం పండితుడు ఐదు వందల ఏళ్లకు పైగా కిందట కైరోలో ఉండేవాడు. ఖురాన్‌లోని ప్రవక్తల కథలు విప్పి చెప్పడానికి బైబిల్లోంచి పేజీలకు పేజీలు ఎత్తి రాశాడు. తన గ్రంథం ఇంకా బాగా తెలియాలనే రాశాడు. అయినా బైబిలెందుకు ముట్టావని తనవాళ్లే కొందరు విరుచుకుపడ్డారు.

ఇది నీకు నేను వివరించాలా? ఆమధ్య చర్చిలో నోవహు ఓడ గురించి చెబుతూ నువ్వు, "మన అవ్వ కతలో అన్నాసెల్లెలు ఆనపబుర్రలో కూకుని వరద దాటలేదేటి? అలాగే" అన్నావు. అందరికీ అర్థమైంది. పెద్దలు మాత్రం కొండదేవతల కథలు ఇక్కడెందుకని మైకు లాక్కున్నారు. నువ్వేమైనా యేసును వదిలేశావా? ఆయనా అంతే.

శనివారం అరకు రైలుకి వస్తాను. ఆ పండితుడి గురించి నువ్వన్నది తప్పని ఆదివారం మైకులోనే చెబుతాను, కోప్పడకు. తర్వాత ఇంకొకటీ చెబుతాను. ఆరోజు నీ చేతిలోంచి మైకు లాక్కుంటుంటే, ముందు వరసలో ఉన్న నేను అవ్వ కథ ఎప్పుడూ విననట్టు తల దించుకున్నాను.

నీ చెల్లి