బ్లాక్‌బెర్రీ చలికి తీసుకెళ్ళని కోటు

డులూత్,
ఏప్రిల్ నెలాఖరు

ప్రియమైన ఐనార్‌కు,

నీ సిగ్రిడ్ రాస్తున్నది. ఇక్కడ నేనూ కైసా కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ మోకాలి నొప్పీ, ఇనప రాయి మోసే ఆ ముసలి ఓడా ముగ్గురూ ఒకరితో ఒకరు సర్దుకుపోతున్నారని అనుకుంటాను. డెట్రాయిట్ దగ్గర టపా పడవ వాళ్ళు బకెట్లో వేసి పైకి పంపే ఉత్తరాల్లో ఇది నీకు అందుతుంది. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. సరస్సు మధ్యలో నీ ఫోను అందదు, అందినప్పుడు నీ పక్కన పదిమంది ఉంటారు. ఇది పదిమందిలో వినేది కాదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. సెల్లార్లోకి నీళ్ళు రాలేదు. మీ అన్నయ్య వచ్చి మెట్ల పక్క కమ్మీ బిగించి, కాఫీ తాగినంతసేపూ నీ మీద చాడీలు చెప్పి వెళ్ళాడు. రేవులో మంచు పగిలింది. అది తెలియగానే మన ఊరి జనం ఎప్పటిలాగే నిక్కర్లేసుకుని రోడ్డెక్కారు, ముక్కులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఇక దక్షిణాన కరోలినా కొండల దాకా వెళ్ళి హార్లన్ కాలేజీ చూసొచ్చారా, కైసాకి నచ్చిందా, నీ పాత కోటు పట్టుకెళ్ళిందా అని అడిగావు. చూసొచ్చాం. మిగతా రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి, నిదానంగా చెబుతాను.

సర్దుకోవడంలో కైసా అచ్చంగా నీ కూతురు. వారం ముందే మంచం నిండా బట్టలు పరిచింది. వానకోటు, ఊలు మేజోళ్ళు, పల్చటి చొక్కాలు, అన్నిటికీ అడుగున నువ్వు డెక్కు మీద వేసుకు తిరిగిన నీలం ఊలు కోటు. ఆ కొండల్లో వసంతం ఏ పూట ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు, అన్నీ ఉంటే మంచిదంది. నేను నవ్వాను. మంచులో పుట్టి పెరిగిన డులూత్ పిల్లవి, దక్షిణాదికి కోటు మోసుకెళ్తావా, మొహం మీదే నవ్వుతారు అన్నాను. మన ఊళ్ళో ఈ మాట అంటే ఎవరైనా రోషపడి కోటు తీసి అవతల పారేస్తారు. కైసా తీయలేదు.

మేం దిగిన రోజు ఎండ బాగా కాసింది. కంచెల మీద బ్లాక్‌బెర్రీ పొదలు తెల్లగా పూసి ఉన్నాయి. తెల్లారేసరికి గాలి తిరగబడింది. సన్నటి వాన, అందులో మంచు పలుకులు. కైసా కోటు కోసం పెట్టెంతా తిరగేసింది. నేను కిటికీ వైపు తిరిగి జుట్టు దువ్వుకుంటూ ఉండిపోయాను.

కాలేజీ చూపించే అమ్మాయి మా వైపు మొహం పెట్టి వెనక్కి నడుస్తూ, ఇది లైబ్రరీ, ఇది భోజనాల హాలు అని హుషారుగా చెప్పుకుపోతోంది. వచ్చిన తల్లిదండ్రులందరూ దళసరి కోట్లలో ఉన్నారు. మేమిద్దరమే చేతులు చంకల్లో దూర్చుకుని వణికాం. మీది ఏ ఊరని ఒకాయన అడిగాడు. చెబితే నమ్మలేదు.

ఐనార్, ఆ కోటు నేనే తీసేశాను. బయల్దేరే పొద్దున కైసా స్నానానికి వెళ్ళినప్పుడు పెట్టె తెరిచి తీసి, తలుపు వెనక కొక్కేనికి నా కోటు కింద కనబడకుండా తగిలించాను. ముందురోజు మేం దిగబోయే బస ఇల్లు నడిపే ఒడెల్ అనే ఆవిడ ఫోన్లో మరీ మరీ చెప్పింది. "బ్లాక్‌బెర్రీ పూసే వేళ మాకు ఓసారి చలి తిరగబడుతుందమ్మా, బ్లాక్‌బెర్రీ చలి అంటాం దాన్ని. పూలు చూసి మోసపోకండి, కోట్లు తెచ్చుకోండి" అంది. ఆ మాట కైసాకి చెప్పలేదు. చలేస్తే దానికి ఊరు నచ్చదనీ, నచ్చకపోతే ఇక్కడి కాలేజీలోనే చేరి రాత్రి భోజనానికి ఇంటికి వస్తుందనీ అనుకున్నాను. దాని కోటు తీసేసి నాది వేసుకోవడానికి మాత్రం మనసొప్పలేదు, నాదీ వదిలేశాను.

మార్చిలో నువ్వు ఓడెక్కితే మళ్ళీ జనవరి దాకా నీ కుర్చీ ఖాళీ. ఇన్నేళ్ళూ ఎదురుగా కైసా ఉంది కాబట్టి అటు చూడకుండా తిన్నాను. ఇకమీదట రెండు కుర్చీలు. నాకు భయంగా ఉంది. రేవులో ఏ ఓడ కూత వినబడినా అది నీది కాదని తెలిసి కూడా లేచి నిలబడతాను. నువ్వు దిగులు పడతావని ఇదంతా ఎప్పుడూ రాయలేదు.

ఇక్కడి పిల్లల పట్టింపు నీకు తెలుసు కదా. ఎక్కడ చేరేదీ తేలేదాకా ఏ కాలేజీ పేరున్న బట్టా ఒంటి మీద వేయరు. వేశారంటే మాటిచ్చినట్టే. చూడ్డానికి వెళ్ళిన చోట కొన్నా సంచిలోనే ఉంచుతారు. హార్లన్ చూడటం అయ్యాక కైసా నన్ను అక్కడి కాలేజీ దుకాణం గుమ్మంలో నిలబెట్టి లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చేసరికి దాని ఒంటి మీద హార్లన్ అని రాసిన ఎర్ర స్వెట్‌షర్టు ఉంది.

"చలికి వేసుకున్నావు, ఇది లెక్కలోకి రాదులే" అన్నాను.

"వస్తుందమ్మా" అంది. "ఇంత వణుకుతూ చూసినా నచ్చింది. ఎండలో నచ్చి ఉంటే నాకే అనుమానంగా ఉండేది."

ఇంకోటి నా కోసం తెచ్చింది. దాని మీద హార్లన్ అమ్మ అని ఉంది, అక్కడ చదివే పిల్లల తల్లులకట. నా వేళ్ళు కొంకర్లు పోయి ఉంటే తనే తల మీదుగా తొడిగి, చేతులు ఒక్కొక్కటే లాగింది. చిన్నప్పుడు బడికి పంపేముందు నేను దానికి అలాగే తొడిగేదాన్ని.

ఇంటికి వచ్చాక పాలు తేవడానికి వెళ్తూ నేను నా కోటు తీశాను. కింద నీ కోటు ఉందన్నది ఆ క్షణానికి మరిచిపోయాను. కైసా నా వెనకే నిలబడి ఉంది. నీ కోటు కొక్కెం నుంచి తీసి నా చేతిలో పెట్టింది.

"ఆగస్టులో కాలేజీకి వెళ్ళేటప్పుడు నా పెట్టె నేనే సర్దుకుంటానమ్మా" అంది. "ఇది నాకొద్దు. నువ్వే వేసుకో, ఇంట్లో నీకే చలేస్తుంది."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

కైసా నిక్కరేసుకుని స్నేహితురాళ్ళతో రేవు గట్టు మీదికి వెళ్ళింది. నేను ఎర్ర స్వెట్‌షర్టు మీద నీ కోటు వేసుకుని, నీ కుర్చీలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఇంకా చలిగానే ఉంది. మోకాలికి వేడి కాపడం పెట్టుకో.

ఇట్లు,
నీ సిగ్రిడ్,
ఒంటి మీద రాసి ఉన్న ప్రకారం హార్లన్ అమ్మ