చివరి పెనాల్టీ కార్నర్

అత్తయ్యకు నమస్కారాలు. నేను బాగున్నాను.

పేపర్లో నేను నేల మీద పడి ఉన్న ఫొటో చూస్తే కంగారుపడకండి. గెలిచిన సంతోషంలో మా జట్టు పిల్లలంతా నా మీద పడ్డప్పుడు తీసిందది.

మ్యాచ్‌కి ముందు మా కోచ్ మేడం నన్ను పక్కకు పిలిచి, "తల్లివయ్యాక నీ పరుగు తగ్గిందమ్మా. ప్రపంచ కప్పుకి తీసుకుంటానని మాటివ్వలేను" అన్నారు. నా పదేళ్ల హాకీ అక్కడితో సరి అనుకున్నాను. ఆటలో ఒక్క గోలు ముందున్నాం. సమయం అయిపోతుండగా అవతలివాళ్లకు పెనాల్టీ కార్నర్, అంటే మా గోలు ముందు నుంచి బంతి కొట్టే అవకాశం, దొరికింది. బంతి కొట్టే అమ్మాయికి ఎదురుగా పరుగెత్తి అడ్డుకోవడం నా పని. ఎన్నడూ లేనంత వేగంగా ఉరికాను. బంతి నా కర్రకు తగిలి, తొడను వాయించి, బయటికి పోయింది. తొడ వంకాయ రంగుకు తిరిగింది గానీ కుంటడం లేదు. మేడం స్వయంగా ఐసు పెడుతూ, "ఇందాక నేనన్నది మర్చిపో. నువ్వు లేకుండా ప్రపంచ కప్పుకి ఎలా వెళ్తాను?" అన్నారు. ఏడుస్తూనే నవ్వేశాను అత్తయ్యా.

అన్నట్టు, మోకాళ్లకు తైలం రాసుకుంటున్నారా? చంటిదాన్ని ఎత్తుకుని మేడ మెట్లు ఎక్కకండి, ఆ పని మీ అబ్బాయికి అప్పజెప్పండి. అది నిద్రకు పేచీ పెడితే నా పాత దుప్పటి కప్పండి, ఆ వాసనకు ఊరుకుంటుంది.

మావయ్యగారికి నా నమస్కారాలు. చంటిది గోడ పట్టుకుని నిలబడుతోందని మీ అబ్బాయి రాశారు. నేను వచ్చేదాకా ఆగాలని దాన్ని ఆపకండి, నడవనివ్వండి. మొదటి అడుగు మీరు చూస్తే నేను చూసినట్టే.

మీ కోడలు