మావాడి గొంతు

ప్రియమైన పిడుగుకి,

మీ పిన్ని రాస్తున్నది. ఎలా ఉన్నావు రా? ఫోన్ చేద్దామంటే నాకు ఏడుపు వచ్చినంత తొందరగా మాట రాదు. నువ్వు అవతల "పిన్నీ, పిన్నీ" అంటూ ఉంటావు, నేను ఇవతల ముక్కు చీదుకుంటూ ఉంటాను. అందుకే కాగితం పట్టుకున్నాను. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, ఓపిగ్గా చదువుకో.

నిన్న కొట్టుకి సినిమావాళ్ళ మేనేజరు వచ్చాడు. నేను ఎవరిదో పేంటు పొట్టి చేస్తున్నాను. కుర్చీ లేకపోతే గుడ్డల మూట మీదే కూర్చున్నాడు, మర్యాదస్తుడే. మావాడి ఆఖరి సినిమా షూటింగు అంతా అయిపోయిందట, మాటలు మాత్రం మిగిలిపోయాయట. ముందు నటించేసి, తర్వాత గదిలో కూర్చుని తెర మీద పెదాలు చూసుకుంటూ మాటలు చెబుతారు కదా, ఆ పని. అది కాకుండానే కారు ప్రమాదంలో వాడు పోయాడు. ఇప్పుడు వేరే వాళ్ళ గొంతు పెట్టాలి, తల్లిగా మీరు సంతకం పెడితేనే పెడతాం అన్నాడు.

"వాడి పెదాలు కదులుతుంటే ఇంకెవడో మాట్లాడతాడా? మీ సినిమాని మూగదిగానే ఉండనివ్వండి" అన్నాను. పాపం, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

మీ బ్యాండు అంటే నాకు మొదటినుంచీ గిట్టదని నీకు తెలుసు. కోపం తెచ్చుకోకు. ఆ గిటార్ల మోత, ఆ పొగ, చొక్కా విప్పేసి గంతులు! ఒక్కసారి కూడా రాలేదు నేను. అరిచి అరిచి వాడి గొంతు రంపం అయిపోయింది. ఇంట్లో "అమ్మా" అన్నా గచ్చు మీద ఎవరో బల్ల ఈడ్చినట్టు ఉండేది. సినిమాల్లో మాత్రం ఎంత చక్కగా మాట్లాడాడు రా! అది వాడి చిన్నప్పటి గొంతు, అరుపులు అంటుకోక ముందుది. సినిమాల కోసం ఎక్కడ దాచి ఉంచుకున్నాడో. ఆ రెండు సినిమాలూ రోజూ మిషను పక్కన టీవీలో పెట్టుకుంటున్నాను. చూడ్డానికి కాదు, వినడానికి. కళ్ళు సూది మీద ఉండాలి కదా.

నువ్వు ఈ రికార్డింగుల సంగతి తెలిసినవాడివి. వాడు ఆ గొంతుతో మాట్లాడింది ఎక్కడైనా మిగిలిందేమో వెతుకు నాయనా. ముక్కలుగా ఉన్నా ఫరవాలేదు. ముక్కలు కలిపి కుట్టడం నాకే వచ్చు, అంత పెద్ద సినిమావాళ్ళకి రాదా?

తిండి మానకు. చిక్కిపోయావని ఎవరో చెప్పారు.

నీ పిన్ని

•

ప్రేమగల పిన్నికి,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. బ్యాండు మూలపడింది పిన్నీ. వాడు లేకుండా వాయించడానికి ఎవరికీ చేతులు రావడం లేదు. నేను గిటార్లు బాగుచేసే కొట్టులో పనికి కుదిరాను. తీగలు మారుస్తాను, దుమ్ము దులుపుతాను. బాగానే ఉన్నాను.

నువ్వడిగినది వెతికానని అబద్ధం చెప్పను. వెతకలేదు. అలాంటిది లేదని నాకు తెలుసు.

కానీ సినిమా ఆపకు. మాటల్లేకుండా ఉన్నదాన్ని నేను చూశాను. అందులో వాడు జైలు నుంచి తిరిగొచ్చిన కొడుకు. తల్లి తలుపు తియ్యదు. ఆ గుమ్మం ముందు వాడు నిలబడిన తీరు కోసం ఆ ముక్క మళ్ళీ వేయించుకుని చూశాను. వాడు చేసినవాటన్నిట్లోకీ అదే గొప్పది. అది బయటికి రాకపోతే వాడు పడ్డ కష్టమంతా ఏ బీరువాలోనో పడి ఉంటుంది. ఎవరో ఒకరి గొంతు పెట్టుకోనివ్వు.

ఇంతకంటే రాయడం నావల్ల కావడం లేదు.

నీ పిడుగు

•

పిడుగుకి,

ప్రియమైన అని రాయడానికి ఇవాళ చెయ్యి రావడం లేదు.

మేనేజరు మళ్ళీ వచ్చాడు. "పరాయివాళ్ళు కాదమ్మా, మీవాడి స్నేహితుడే, బ్యాండులో డ్రమ్ములు కొట్టే అబ్బాయి. తనంతట తనే వచ్చి నేను చెబుతానన్నాడు" అన్నాడు.

ఎవరో ఒకరి గొంతు అని రాశావు. ఆ ఎవరో ఒకరివి నువ్వేనన్నమాట! ఎంత తెలివి రా నీది! చిన్నప్పుడు వాడి చొక్కా నువ్వు తొడుక్కుంటే ఊరుకున్నాను. వాడి కంచంలో చెయ్యి పెడితే ఊరుకున్నాను, తల్లి లేని పిల్లాడివి అని. ఇప్పుడు వాడి నోట్లోనే దూరి కూర్చుంటావా? వెనకాల కూర్చుని బాదేవాడివి, ముందుకి రావడానికి ఇదా నీకు దొరికిన సందు?

రాత్రంతా వాడిచేత అరిపించుకున్నారు, తెల్లారకముందే వాణ్ణి ఆ సినిమాకి మాటలు చెప్పడానికని కారెక్కించారు. కునుకు లేనివాడు బండి నడుపుతున్నాడని మీలో ఒక్కడికీ పట్టలేదు. అదీ మింగాను. ఇది మింగలేను.

నువ్వు చెబితే నేను పోల్చుకోలేననుకున్నావా? కన్నదాన్ని రా. వందమంది ఒక్కసారి అమ్మా అన్నా అందులో మావాడిది ఏదో వేలు పెట్టి చూపిస్తాను.

ఇంక నాకు రాయకు. మా గుమ్మం తొక్కకు.

వాడి అమ్మ

•

పిన్నీ,

రాయకు అన్నావు. ఇదొక్కటీ రాసి మానేస్తాను. చించేసే ముందు చదువు.

ఆ రెండు సినిమాల్లో నువ్వు వింటున్న గొంతు నాది.

మొదటి సినిమాకి మాటలు చెప్పే రోజు వాడికి తోడుగా వెళ్ళాను. వాడి గొంతులో చిన్న చిన్న గడ్డలున్నాయని డాక్టరు అప్పటికే చెప్పాడు. స్టేజీ మీద ఎంతైనా అరవగలడు గానీ మెల్లగా నాలుగు మాటలు చెప్పాలంటే మధ్యలో తెగిపోయేది. పొద్దున్నించీ చెప్పిందే చెప్పాడు. చివరికి అద్దం అవతల నుంచి డైరెక్టరు, "ఇది గొంతా, తుప్పు పట్టిన గేటా?" అన్నాడు. అందరూ నవ్వారు. వాడు కూడా నవ్వాడు పిన్నీ. నవ్వి, నా భుజం పట్టుకుని మైకు ముందుకి తోశాడు. "వీడు మా ఇంట్లోనే పెరిగాడు. మా అమ్మ మాట తీరంతా వీడి నోట్లో ఉంది. వీడితో చెప్పించండి" అన్నాడు.

వాడు నా పక్కనే నిలబడ్డాడు. ఎక్కడ ఆగాలో అక్కడ నా మణికట్టు నొక్కేవాడు. ఆ రెండు సినిమాల్లో గొంతు నాదైనా, ఆగిన చోట్లన్నీ వాడివే.

తెర మీద నా పేరు వద్దన్నది నేనే. నీకు మాత్రం చెప్పేద్దామనే మొదటి ఆట రోజు అనుకున్నాం. హాల్లోంచి బయటికి రాగానే నువ్వు వాడి బుగ్గలు రెండూ పట్టుకుని, "ఇన్నాళ్ళకి నా కొడుకు గొంతు నాకు దొరికింది" అన్నావు. నేను వెనకే ఉన్నాను. వాడు నీ భుజం మీద నుంచి నావైపు చూశాడు. అంత సిగ్గు నేను వాడి ముఖంలో ఎప్పుడూ చూడలేదు. తర్వాత, "చెప్పకు రా. ఆ సంతోషం నావల్లే అనుకోనీ" అన్నాడు.

నా సిగ్గు వేరు. నువ్వు ఆ గొంతుని మెచ్చుకున్నప్పుడల్లా నాకు లోపల సంబరంగా ఉండేది. వాడికి రావాల్సిన ముద్దు నేను దొంగతనంగా తింటున్నట్టు ఉండేది. అయినా తిన్నాను.

ఆఖరి సినిమాకి మాత్రం, "దీనికి నేనే చెబుతాను. ఆ కొడుక్కి ఈ తుప్పు గొంతే సరైనది" అన్నాడు. అది కాలేదు. నేను వెళ్ళి అడిగింది వాడి చోటు కోసం కాదు. వేరేవాడు చెబితే ఆ సినిమాలో నీకు కొడుకు దొరకడని.

ఇందులో ఒక పెన్ డ్రైవ్ పెట్టాను. మా పాట. అందులో ఉన్నది వాడే. వినాలనిపిస్తేనే విను.

పిడుగు

•

ప్రియమైన పిడుగుకి,

చాలా రోజులైంది. ఎన్నోసార్లు మొదలుపెట్టాను, "పిడుగుకి" దగ్గరే ఆగిపోయాను.

నీ ఉత్తరం చదివి ముందు నమ్మలేదు. నన్ను దెబ్బ తియ్యడానికే రాశావనుకున్నాను. సినిమా పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నాను. నీ గొంతు అని చెప్పాక కూడా నాకు వాడే వినిపించాడు రా. ఎంత గట్టిగా చెవి పెట్టినా వాడే. అప్పుడు నాకు మిషను కింద దూరాలనిపించింది. వందమందిలో పోలుస్తానని రాశానే, ఇద్దరిలో పోల్చలేకపోయాను.

టీవీ కట్టేశాను. రోజూ వచ్చే పక్కింటావిడ, "ఏం అక్కా, ఇవాళ మీ అబ్బాయి గొంతు వినబడటం లేదు?" అంది. "అది మావాడిది కాదమ్మా" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, వెళ్ళి ఒక గ్లాసు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఇంత దుఃఖంలో పిచ్చెక్కిందనుకుని ఉంటుంది.

నీ పాట వినడానికి ఇంకా కొన్నాళ్ళు పట్టింది. ముందు నువ్వు బాదావు, బాదావు, బాదావు. నీకు పిడుగని పేరు పెట్టినవాళ్ళకి దండం పెట్టాలి. తర్వాత వాడొచ్చాడు.

ఏం చెప్పను రా. ఒక్క కూతకే తెలిసిపోయింది. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. సబ్బు కళ్ళల్లో పడితే నన్ను పిలిచే కేక అది. జ్వరంలో మూలిగే మూలుగు అది. రంపం, గేటు, అన్నీ అదే, నా బిడ్డదే. మిషను మీద తల పెట్టుకుని ఎంతసేపు విన్నానో. చెప్పుల కొట్టు అతను పరిగెత్తుకొచ్చి, "ఏమైందమ్మా, ఎవరు అరుస్తున్నారు?" అన్నాడు. "మా అబ్బాయి పాడుతున్నాడు, కూర్చుని విను" అన్నాను. పాపం, కూర్చున్నాడు.

వాడి బుగ్గలు పట్టుకుని నేనన్న మాట నాకు గుర్తే లేదు. నువ్వు రాశాక గుర్తొచ్చింది. అప్పుడు వాడి ముఖం చూశాను కదా, సంతోషం పట్టలేక ఎర్రబడ్డాడనుకున్నాను. నా ఎదురుగా ఉన్న గొంతు నచ్చలేదు, తెర మీది గొంతు నచ్చిందన్నాను. కన్నతల్లి మెప్పు కోసం వాడు తన గొంతు దాచుకున్నాడు. ఇంత సిగ్గు పెట్టుకుని నీకు ముఖం ఎలా చూపించాలో తెలియడం లేదు. నిన్ను గుమ్మం తొక్కకు అన్న నోరే ఇది.

మేనేజరు దగ్గరికి వెళ్ళాను. మాటల్లేని సినిమా నాకు చూపించాడు. గుమ్మం ముందు వాడి పెదాలు కదులుతున్నాయి. ఏమంటున్నాడు అని అడిగితే, "అమ్మా, తలుపు తియ్యి అంటున్నాడమ్మా" అన్నాడు. సంతకం పెట్టేశాను. నువ్వే చెప్పాలని, తెర మీద నీ పేరు పెద్ద అక్షరాలతో వెయ్యాలని చెప్పి పెట్టాను. నాలాంటిది కూడా చదవగలిగేంత పెద్దవి.

ఒక్కటే అడుగుతాను, అడగడానికి నాకు హక్కు లేదు. చక్కగా చెప్పకు. నాకు నచ్చేలా అస్సలు చెప్పకు. వెళ్ళేముందు మీవాళ్ళందరినీ పోగుచేసి ఆ పాటలన్నీ ఒకసారి వాయించండి. ఈసారి నువ్వు ముందు నిలబడి పాడు. గొంతు చిరిగేదాకా, మాట బయటికి రానంత దాకా అరవాలి. ఆ చిరిగిన గొంతుతో మర్నాడు వెళ్ళి వాడి మాటలు చెప్పు.

ఎక్కడ వాయిస్తారో రాయి. నేనొస్తాను. ముందు వరసలో కుర్చీ వెయ్యకు. వెనకాల, దీపాలు పడని చోట నిలబడతాను.

నీ పిన్ని