శ్రీను పిలిచిన గ్రీన్

మంగళవారం, వరంగల్

రైలింజన్లో నా పక్కన కూర్చుని సిగ్నల్ రంగు పైకి పిలిచే అసిస్టెంట్ శ్రీను ఈరోజు విచారణలో ఆఫీసరు ముందు నా మొహం చూడకుండా చెప్పాడు. "నేను ఎల్లో అనే పిలిచిన సార్. అన్ననే ఇనలే."

అబద్ధం. నెక్కొండ స్టేషన్ దాటాక ఆ వంపులో సిగ్నల్ ముందుగా అతని కిటికీకే కనబడుతుంది. గ్రీన్ అని పిలిచాడు, నేనూ గ్రీన్ అని తిరిగి పలికాను. వానకు నా అద్దం మసకబారి ఉంది, అతని కళ్లనే నమ్మాను. తర్వాతి సిగ్నల్ రెడ్. అంటే అతను చూసింది ఎల్లోనే, అక్కడే వేగం తగ్గించాల్సింది. గట్టిగా బ్రేకు వేస్తే రైలు దాని ముందే ఆగింది. ఆగకపోయి ఉంటే...

బయటికొచ్చాక చెయ్యి పట్టుకున్నాడు. "జర సమజ్ చేసుకో అన్నా. నాది కొత్త నౌకరి. నీకు సర్వీసున్నది, నిన్ను మందలించి ఇడిసిపెడ్తరు."

విడిచిపెట్టరు. ఇంజన్ మీంచి దింపి కూర్చోబెడతారు. అది అతనికీ తెలుసు. మొన్నటిదాకా నా డబ్బాలో సర్వపిండి మొదటి ముక్క అతనిదే.

ఇంటికొస్తుంటే చౌరస్తాలో లైటు పడింది. స్కూటర్ మీద ఒక్కణ్నే ఉండి కూడా అలవాటుగా "రెడ్" అన్నాను. శ్రీను తిరిగి పలుకుతాడని ఒక్క క్షణం ఆగాను కూడా.