చీటీలో ఆఖరి వస్తువు

అమ్మా,

మీ ఉత్తరం అందింది. మీ నాన్నగారు పోయిన ఆ ఏటి వంపు దగ్గరే ఒకసారి గాలం వెయ్యాలని ఉందన్నారు. రండి, పడవ నేనే నడుపుతాను. ఏమేం తెచ్చుకోవాలని అడిగారు కదా, జీన్స్ మాత్రం వద్దు, తడిస్తే మనిషిని కిందికి లాగేస్తాయి. త్వరగా ఆరే బట్టలు రెండు జతలు, జారని చెప్పులు, ఒక టోపీ చాలు. గాలాలూ ఎరా నా దగ్గరున్నాయి. నాన్నగారి గాలం గెడ కూడా ఇక్కడే ఉంది. మీకు పంపాల్సింది, మనసొప్పలేదు.

ఇంకొకటి. గట్టిగా మోగే ఈల ఒకటి కొని, తాడు కట్టి మెడలో వేసుకోండి.

ఆ రోజు పొగమంచులో ఆయన రాయి మీంచి ఏట్లోకి జారినప్పుడు నేను ముప్పై అడుగుల దూరంలో ఆయనకే టీ కాస్తున్నాను. "అరిస్తే నీకు వినపడలేదా?" అని మీ అమ్మగారు అడిగారు. అరిచే ఉంటారమ్మా. ఏటి హోరులో మనిషి గొంతు పది అడుగులు దాటదు. ఈల దాటుతుంది. ఆ సంగతి నాకు ఎప్పట్నించో తెలుసు. ఇరవై ఏళ్లుగా గాలం వెయ్యడానికి వచ్చేవాళ్లకి పంపే సామాన్ల చీటీలో రాయాలని మాత్రం తోచలేదు.

ఇప్పుడు అందరి చీటీలోనూ అదే మొదటిది. మీకు ఆఖర్న రాశాను, చెయ్యి రాక.

మీ నాన్నగారి పడవవాడు