గాల్లో ఉండగానే చెప్పింది

బ్రోకెన్ హిల్,
ఏప్రిల్ 26

ప్రియమైన వెర్నాకు,

ఇక్కడ నేనూ, మన పిల్ల గ్లెనిసూ, నీ కోళ్ళూ కులాసా. అడిలైడ్‌లో మీ అక్క తుంటి అతుక్కుని నడుస్తోందని రాశావు, సంతోషం. వాన సంగతి అడిగావు, దాని ఊసే లేదు. టమాటా మొక్కలకు నీళ్ళు పోస్తున్నాను, నమ్ము.

ఇక నిన్నటి బొమ్మా బొరుసుల ఆట. తెల్లవారకముందే స్తూపం దగ్గర చనిపోయిన సైనికులకు దణ్ణం పెట్టి, క్లబ్బులో తిని, అందరం పెరట్లో బరి చుట్టూ చేరాం. మోకాళ్ళ నొప్పులని చెప్పి, నాణేలు సరిగ్గా తిరిగాయో లేదో తేల్చే నా బరి పెద్దరికం గ్లెనిస్‌కి ఇప్పించానుగా. "పేచీ వచ్చిందంటే వచ్చే ఏడు బరి డార్సీకే" అని క్లబ్బువాళ్ళు ముందే తేల్చేశారు. గనిలో నాతో పనిచేసిన డార్సీ ఊరుకుంటాడా?

"ఏం పిల్లా, బొమ్మేదో బొరుసేదో పోల్చుకోగలవా?"

"నీ మొహం పోల్చుకున్నాగా బాబాయ్, ఇదో లెక్కా!"

బరంతా గొల్లుమంది.

మధ్యాహ్నం నా వంతు వచ్చింది. చెక్కమీద పాత పెన్నీ నాణేలు రెండూ పెట్టుకుని పైకెగరేశాను. అవి ఇంకా గాల్లో ఉండగానే "చెల్లదు!" అని గ్లెనిస్ కేక. పడ్డాక వంగి చూస్తే రెండూ బొమ్మలే, చెల్లితే గెలుపు నాదే! నామీద కాసినవాళ్ళు ఆమె మీద విరుచుకుపడ్డారు. నాకూ ఒళ్ళు మండింది.

"నా చెయ్యి నాకు తెలీదా? శుభ్రంగా తిరిగాయి!"

"తిరగలేదు నాన్నా, ఊగుతూ పోయాయంతే. మళ్ళీ వెయ్యి."

అరవలేదు, తడబడలేదు. చివరికి డార్సీయే ముందుకొచ్చాడు. "నేనూ క్లారీమీదే కాశానురా. కానీ పిల్ల చెప్పింది నిజం. తిరగలేదు."

మళ్ళీ వేశాను. రెండూ బొరుసులు. ఓడిపోయాను. పేచీ పెట్టినవాడు లేడు. సాయంత్రానికి బరి మన పిల్లదే అయింది. వెర్నా, గెలిచిన రోజుల్లో కూడా నాకింత గర్వం కలగలేదు.

ఇప్పుడు దాచిన మాట చెబుతాను. నాకు పోయినవి మోకాళ్ళు కావు, కళ్ళు. దగ్గరివి బాగానే కనిపిస్తాయి, ఈ రాత చూస్తే నీకే తెలుస్తుంది. గాల్లో నాణేలు మాత్రం క్రిస్మస్ నుంచీ కనబడటం లేదు. మసక చూపుతో తీర్పు చెప్పకూడదనే బరి పెద్దరికం వదిలేశాను. నీకు చెబితే అక్కను వదిలి పరిగెత్తుకొస్తావని ఊరుకున్నాను. తిరిగాయని నిన్న నేనన్నది చూసి కాదు, పొగరుకొద్దీ.

ఇంటికొస్తుంటే గుమ్మం దగ్గర గ్లెనిస్ నా మోచెయ్యి పట్టుకుంది. "మెట్టుంది, చూసుకో నాన్నా."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొక్కలకని కోళ్ళమీద నీళ్ళు పోసిన రోజునుంచి."

అంటే బరిలో అందరూ తిడుతుంటే, "మా నాన్నకి కళ్ళు కనబడవు" అని ఒక్క మాట అంటే చాలు, నా నోరు మూతపడేది. తిట్లు తింది కానీ ఆ మాట అనలేదు.

"అమ్మకి నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?" అంది లోపలికొచ్చాక. నేనే రాస్తానన్నాను.

ఇట్లు,
నీ పెనిమిటి,
క్లారీ