నాలుగో పాటలో ఆవిడెవరు?

మరిదీ,

మొహమాటం లేకుండా రాయమన్నావుగా, రాస్తున్నాను. మీ బ్యాండు చేసిన దక్షిణాది బాణీ హెవీ మెటల్ ఆల్బం మన కుట్టుషాపులో పెట్టాను. కాజాలు కుట్టే పిన్ని, "ఆ అరిచే అబ్బాయికి కాసిన్ని మంచినీళ్లివ్వండర్రా" అంది. కటింగ్ మాస్టరు డోలు మోగినప్పుడల్లా కత్తెర ఆపి తలూపాడు.

నాలుగో పాటలో గోలంతా ఆగి, కుట్టుమిషను చప్పుడు మీద ఒక ఆడగొంతు కూనిరాగం మొదలవగానే అందరం అత్తయ్య వైపు చూశాం. రోజూ మిషను తొక్కుతూ ఆవిడ తీసే రాగం మాకు తెలియదూ? ఆవిడ మాత్రం తన గొంతు తనే పోల్చుకోలేదు. నువ్వు ఈ పాటల కోసం ఉద్యోగం మానేసినప్పటి నుంచి నీ పేరెత్తని మనిషి, "ఈవిడకి శ్రుతి లేదు. అయినా ఈవిడ కోసం అంత గోలా ఆపాడంటే, వాడికి బాగా కావలసిన మనిషే అయ్యుంటుంది. ఎవరో కనుక్కో" అంది.

నన్ను చెప్పెయ్యమంటావా, నువ్వే వచ్చి చెప్తావా?

మీ వదిన